బయటివాడును పత్రికాధర్మమును

ప్రజాప్రభుత్వమున పాలకుని ఎన్నుకొనువారు ప్రజలే యని శాస్త్రము చెప్పుచున్నది. కాని యా ప్రజలలో మిక్కిలి పెద్దభాగము అభ్యర్థిని కన్నులార చూచినవారు కారు. ఆతని కంఠము చెవులార విన్నవారును కారు. వారు చూచునది పత్రిక చూపిన బొమ్మ. వినునది పత్రిక వినిపించిన మాట. ఓటు వేయు చేయి ఓటరుదే యైనను, ఆ చేతికి త్రోవచూపు కన్ను పలుమారు పత్రికదై యుండును. ఆ కన్నునకు పొర క్రమ్మినచో దేశమున కేమి కీడు మూడునో తెలిసికొనుటకు అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యక్షపదవి యెన్నికల చరిత్ర మంచి పాఠము. అందును, పెద్దల అండలేక బయటినుండి వచ్చి పీఠమును కోరినవారి యెడల పత్రికలు ప్రవర్తించిన తీరు మరింత మంచి పాఠము.

ఎక్కడి అమెరికా, ఎక్కడి తెలుగునాడు, మన కీ ప్రసంగమేల యని కొందరు పాఠకులు శంకింపవచ్చును. మేము ముఖ్యముగా ప్రస్తావింప దలచినది 1896వ సంవత్సరపు ఎన్నిక. అది మన రైతు మొలలోని రూపాయితోను, మన ఇల్లాండ్ర కాళ్ల కడియములతోను, మన దేశమున నాడు వచ్చిన కరవుతోను ముడివడి యున్నది. ఆ ముడి యెట్టిదో ముందు విన్నవింతుము.

విలియం జెన్నింగ్సు బ్రయను నెబ్రాస్కా రాష్ట్రపు న్యాయవాది. 1891 మొదలు 1895 వరకు ప్రతినిధిసభలో సభ్యుడు. ఒమాహా నగరమందలి ‘వరల్డ్ హెరాల్డ్’ పత్రికకు సంపాదకత్వము వహించినవాడు. 1896 జూలై మాసమున షికాగోలో డెమోక్రాటిక్ పక్ష మహాసభ కూడినపు డాతని వయస్సు 36 ఏండ్లు. జూలై 9వ తేదీన బంగారు ప్రమాణమును ఖండించుచు ఆతడు చేసిన ఉపన్యాసము సభ నంతయు నూపివైచెను. మరునాటికి ఆతడే పక్షపు అభ్యర్థి యయ్యెను. పిమ్మట రైతుల పక్షమైన పాప్యులిస్టు పక్షమును ఆతనినే తన యభ్యర్థిగా స్వీకరించెను.

పెద్ద పక్షమొకటి నిలువబెట్టినవాడు బయటివా డెట్లగునని యడుగవచ్చును. నాడు అధ్యక్షుడుగా నున్న క్లీవ్లాండు సైతము డెమోక్రాటిక్ పక్షమువాడే. కాని యాతడును ఆతని అనుయాయులును బంగారము పక్షపువారు. వారు బ్రయను నభ్యర్థిగా నంగీకరింపరైరి. కొందరు పక్షమును చీల్చి వేరొక యభ్యర్థిని నిలిపిరి. న్యూయార్కు బ్యాంకుల గడప త్రొక్కినవాడు కాడు, రైలు కంపెనీల పెద్దల యెరుక లేనివాడు, పడమటి పల్లెలనుండి వచ్చినవాడు. ఇట్టివాడు తూర్పుతీరపు నగరములకు బయటివాడు గాక మరేమగును?

ఆతని వాదమునకు మూలము రైతు ఋణము. 1873లో చేసిన శాసనముచేత వెండి డాలరు నాణెముల పట్టికనుండి తొలగెను. పంటలు పెరిగెను, జనము పెరిగెను, వ్యాపారము పెరిగెను. వానికి తగినట్లు చెలామణిలోని ద్రవ్యము పెరుగలేదు. అందుచేత సరకుల ధరలు ఏటేట దిగజారెను. ఒకప్పుడు బుషెలు 1 డాలరు పలికిన గోధుమ 1894 నాటికి ఇంచుమించు సగమునకు పడిపోయెను. అప్పు చేసిననాడు వంద బుషెలులతో తీరు ఋణము, తీర్చవలసిననాటికి రెండువందల బుషెలులు కోరుచుండెను. పత్రములోని అసలు అంకె మారలేదు, వడ్డీ రేటు మారలేదు, బరువెక్కినది డాలరు. అప్పిచ్చినవానికి కూర్చున్నచోటనే లాభము. దున్నినవానికి చెమటోడ్చియు నష్టము. ఇట్టి లెక్క మన పాఠకులలో భూవసతి గలవారికి విప్పి చెప్ప నక్కరలేదు. 1893లో వచ్చిన ఆర్థిక సంక్షోభము ఈ పుండుపై కారము చల్లెను. పదునారు పాళ్ల వెండికి ఒక పాలు బంగారము చొప్పున, ఎవరు తెచ్చినను వెండిని నాణెములుగా కొట్టి యీయవలయుననుట బ్రయను కోరిక. నాడు అంగడిలో ఒక పాలు బంగారమునకు ఇంచుమించు ముప్పది పాళ్ల వెండి వచ్చుచుండెను.

వెండి ధర ఇంతగా పడిపోవుటకు గల హేతువులలో ఒకటి మన దేశముననే జరిగినది. 1893 జూన్ 26వ తేదీన హిందూదేశ ప్రభుత్వమువారు టంకసాలలను ప్రజల వెండికి మూసివేసిరి. అంతవరకు ఎవడైనను వెండి తీసికొనిపోయి రూపాయలుగా కొట్టించుకొనవచ్చును. ఆ దినముతో ఆ దారి మూతపడెను. లోకపు టంగళ్లలో వెండి ధర కుప్పగూలెను. ఆ యేడు నవంబరు 1వ తేదీననే అమెరికా ప్రభుత్వము వెండి కొనుట నిర్బంధముచేయు షెర్మను శాసనమును రద్దుచేసికొనెను. ఇచ్చట రూపాయి విలువ నిలిచెను. రూపాయిలోని వెండి విలువ పడెను. కష్టకాలమున కక్కరకు వచ్చునని మన రైతు కుటుంబములు దాచుకొన్న కడియములు, మురుగులు, మొలత్రాళ్లు తూకమునకు తగిన రూపాయలు తేలేకపోయెను. నెబ్రాస్కా రైతు గోడును, అనంతపురము రైతు గోడును ఒక్క త్రాసులోనే తూగిన వనుట అతిశయోక్తి కాదు.

ఇక పత్రికల మాట. బ్రయను అభ్యర్థి యైన వార్త వెలువడినతోడనే, అంతవరకు డెమోక్రాటిక్ పక్షమును బలపరచుచు వచ్చిన తూర్పునగరపు పత్రికలు పలువైపుల నాతని విడనాడెను. న్యూయార్కు మహానగరమున పెద్ద దినపత్రికలలో ఆతని పక్షము వహించినది హెర్స్టు నడుపుచుండిన ‘జర్నలు’ ఒక్కటియే. ఇందులో తప్పు పట్టుటకు లేదు. పత్రికకు అభిప్రాయ ముండవచ్చును, ఉండవలయును. వెండి నాణెముల వలన దేశమునకు చేటు కలుగునని నమ్మిన సంపాదకుడు ఆ మాట నిర్భయముగ వ్రాయుట ఆతని విధి. మేము తప్పుపట్టునది వాదమును విడిచి వాదించువాని పైబడుటను. వార్తకును వ్యాఖ్యకును నడుమ నుండవలసిన గట్టును తెగగొట్టుటను.

ఒక నిదర్శనము. అభ్యర్థిత్వమును విధ్యుక్తముగ స్వీకరించుటకు బ్రయను ఆగస్టు మాసమున న్యూయార్కునకు బయలుదేరెను. ప్రస్తుతము శత్రుదేశముగ తోచుచున్నను, ఎన్నిక ముగియుసరికి మనదేశమే కాగలదని మేము ఆశించు ప్రదేశపు నడిబొడ్డునకు పోవుచున్నానని ఆతడు పలికెను. వాక్యములో రెండు ముక్కలు కలవు. మొదటి ముక్క పత్రికలలో మారుమ్రోగెను. బ్రయను తూర్పుతీరమును శత్రుదేశ మన్నాడని గగ్గోలు పుట్టెను. రెండవ ముక్క అడుగంటెను. పత్రిక అబద్ధము చెప్పినదా? చెప్పలేదు. ఆతడా మాట లన్నమాట నిజము. కాని సగము కోసిన వాక్యము అబద్ధముకంటె హీనమైనది; అబద్ధమును ఖండింపవచ్చును, సగము నిజమును ఖండించుట కష్టము. ఆగస్టు 12వ తేదీ రాత్రి మాడిసన్ స్క్వేరు ఉద్యానమందిరమున ఉక్కలో ఆతడు కాగితము చూచి ఉపన్యాసము చదివెను. పొరబాటు పలికి మరల సగము వాక్యమునకు బలియగుదునేమో యని జాగ్రత్తపడిన మనుజుని చదువువలె అది చప్పగా సాగెను. సభ నడుమనే కొందరు లేచిపోయిరి. వాగ్ధాటి యంతయు వట్టిదని మరునాడు పత్రికలు ఎద్దేవ చేసెను.

రెండవ నిదర్శనము మరింత విచారింప దగినది. అదే ఆగస్టులో అడాల్ఫు ఆక్స్ అను నాతడు ‘న్యూయార్కు టైమ్స్’ పత్రిక యాజమాన్యమును స్వీకరించెను. 19వ తేదీ సంచికలో ఆతడొక ప్రతిజ్ఞ ప్రకటించెను: పక్షము, మతము, స్వార్థము అను వానిని లెక్కసేయక, భయమునకుగాని దాక్షిణ్యమునకుగాని లొంగక వార్తలను నిష్పక్షపాతముగ నిత్తునని. పత్రికాలోకమున నిత్యము స్మరింపబడు ప్రతిజ్ఞ యది. సెప్టెంబరు 27వ తేదీన, అనగా నలువది దినములైన నిండకమునుపే, ఆ పత్రికయే బ్రయనునకు మతి చలించినదా యను ప్రశ్నను తన సంపాదకీయమునకు తలకట్టుగా నెత్తుకొనెను. పేరు చెప్పని మనోవ్యాధి వైద్యు డొకడు వ్రాసిన లేఖ యొకటి యందుకు ఆధారము. పిదప మరికొందరు వైద్యుల యభిప్రాయములను సేకరించి ప్రకటించెను. ఆ వైద్యుడు రోగి నాడి చూచినవాడు కాడు. రోగితో మాటలాడినవాడు కాడు. ఉపన్యాసములు చదివి రోగము నిర్ణయించినవాడు. పిచ్చికుక్క యని ముద్రవేసి రాళ్లు రువ్వు పద్ధతి మన పల్లెలలోను కలదు. కాని దానికి వైద్యశాస్త్రపు ముసుగు తొడుగుట నగరవాసుల నేర్పు.

పట్టణపు పత్రికలతోనే కథ ముగియలేదు. రిపబ్లికను పక్షపు కార్యనిర్వాహకుడైన మార్కు హన్నా వ్యాపారస్థులనుండి ఇంచుమించు 35 లక్షల డాలర్లు పోగుచేసెను. అందు స్టాండర్డు ఆయిలు కంపెనీయు, మోర్గనును చెరి 2,50,000 డాలర్లు ఇచ్చిరి. బ్రయను పక్షమునకు చేరినది అందు పదవవంతు మాత్రమే యని లెక్క. ఆ ధనముతో ఇరువది కోట్లకు మించిన కరపత్రములు పలుభాషలలో అచ్చొత్తించి పంచిరి. నాటి అమెరికా జనసంఖ్య ఏడు కోట్లు. అంతేకాక, పల్లెటూళ్ల చిన్న వారపత్రికలకు సిద్ధముగ కూర్చిన వ్యాసములు అచ్చుపలకలతో సహా ఉచితముగ పంపుచుండిరి. బీద సంపాదకుడు వానిని తన పత్రికలో నట్లే దింపుకొనెను. చదువరి మాత్రము తన యూరి పత్రిక తన యూరి మాట చెప్పుచున్నదనియే నమ్మెను.

బ్రయను పక్షమువారు నిర్దోషులని మేము చెప్పము. హెర్స్టు పత్రికలో డావెన్పోర్టు అను చిత్రకారుడు హన్నాను ఒడలినిండ డాలరు గుర్తులు గల దుస్తులు తొడిగిన భారీకాయునిగ చిత్రించి, మెకిన్లీని ఆతని చేతి కీలుబొమ్మగ చూపుచుండెను. మెకిన్లీ కీలుబొమ్మ కాడని చరిత్ర చెప్పుచున్నది. ఎన్నిక మరునాడు తన ప్రతులు పదునైదు లక్షలు వ్యయమైన వని ఆ పత్రిక చాటుకొనెను. బయటివానిని తిట్టుటయు వ్యాపారమే, మోయుటయు వ్యాపారమే యని దీనివలన తేలుచున్నది.

పత్రికలు మూసిన తలుపును బ్రయను రైలుబండితో తట్టెను. ఇంచుమించు 18,000 మైళ్లు ప్రయాణముచేసి, 600 ఉపన్యాసము లిచ్చెను. అభ్యర్థి తన యోటు తానే యడుగుకొనుచు ఇట్లు ఊరూర తిరుగుట ఆ కాలమున గౌరవహీనమని తలచుచుండిరి. మెకిన్లీ ఒహాయో రాష్ట్రమందలి కాంటను పట్టణమున తన యింటి వసారాలోనే యుండి, రైళ్లలో తరలివచ్చిన జనసమూహములతో మాటలాడెను. నవంబరు 3వ తేదీన ఓట్లు పడెను. మెకిన్లీకి 71 లక్షలు, బ్రయనునకు 65 లక్షలు; నియోజకుల ఓట్లు 271, 176.

ఈ యోటమి పత్రికల వలననే కలిగినదని యనుట తొందరపాటు. నగరములలోని కార్మికులు ద్రవ్యపు విలువ పడినచో తమ కూలి కరిగిపోవునని భయపడిరి. ధనబల మొకటి పనిచేసెను. మరియొక కారణము మన కన్నీటితో కూడుకొన్నది. 1896లో హిందూదేశమున వానలు తప్పెను, పంటలు పోయెను, మన దత్తమండలములతో సహా పలు ప్రాంతములను కరవు చుట్టుముట్టెను. ఇచ్చట పంట పోయినందున లోకపు టంగడిలో గోధుమ ధర ఆ శరత్కాలమున పైకి లేచెను. వెండి లేనిదే ధర పెరుగదని చెప్పిన బ్రయను మాట, ఓట్ల దినమునకు కొలదివారముల ముందే, పలువురు రైతుల కన్నులయెదుట వీగిపోయెను. ఇచ్చటి రైతు డొక్క యెండుట అచ్చటి రైతు డొక్క నిండుటకు కారణమయ్యెను.

బ్రయను చెప్పినదంతయు సరియే యని మేము వాదింపము. ఆతడు రోగమును గుర్తించుట నిజము; మందు విషయము సందేహము. తరువాతి యేండ్లలో దక్షిణాఫ్రికాలోను, క్లాండైకులోను బంగారము విరివిగ లభించెను, ద్రవ్యము పెరిగెను, ధరలు తేరుకొనెను. అనగా ద్రవ్యము చాలకుండుటయే బాధకు మూలమన్న ఆతని మాట, ఆతని వెండితో పని లేకుండగనే రుజువయ్యెను. ఆదాయపు పన్ను, సెనేటు సభ్యులను ప్రజలే నేరుగ నెన్నుకొనుట, స్త్రీలకు ఓటుహక్కు మున్నగు ఆతడు బలపరచిన సంస్కరణలు 1913 మొదలు 1920 లోపల రాజ్యాంగమున చేరెను. బంగారు ప్రమాణమునే 1933లో రూజ్వెల్టు దేశములోపల విడనాడెను. 1971లో నిక్సను మిగిలిన ముడిని త్రెంచెను. 1896లో మతిచాంచల్య మనబడినది, ఒక మానవుని జీవితకాలములోపల రాజనీతి యయ్యెను. బ్రయను మాత్రము 1925లో పరిణామవాదమును పాఠశాలలలో బోధింపరాదని టెన్నెసీ న్యాయస్థానమున వాదించి, వేరొక తీరున నవ్వులపాలయ్యెను. మనుష్యుడు ఒకచోట ఒప్పు, మరొకచోట తప్పు కావచ్చును. అందుచేతనే వాదమును వాదముగ పరీక్షింపవలయును. మనుష్యుని కొక ముద్రవేసి ఆతని మాట లన్నిటిని ఒక్క బుట్టలో పారవేయరాదు.

ఈ ముద్రవేయు పద్ధతి 1896తో అంతరింపలేదు. 1964లో బారీ గోల్డ్వాటరు రిపబ్లికను అభ్యర్థి యైనపుడు ‘ఫాక్ట్’ అను పత్రిక 12,356 మంది మనోవైద్యులకు ప్రశ్నలు పంపెను. 2,417 మంది బదులు వ్రాసిరి. వారిలో 1,189 మంది ఆతడు మానసికముగ పదవి కర్హుడు కాడనిరని ముఖపత్రముపై ముద్రించెను. బదులీయనివారు పదివేలకు దగ్గరగ నుండిరను సంగతి ముఖపత్రముపై లేదు. గోల్డ్వాటరు దావావేసి 75,000 డాలర్ల దండనష్టపరిహారము పొందెను. స్వయముగ పరీక్షింపని మనుజుని మనస్సునుగూర్చి తీర్పు చెప్పరాదని అమెరికా మనోవైద్య సంఘము 1973లో నియమము చేసెను. వైద్యులు తమ తప్పును నియమముతో దిద్దుకొనిరి. పత్రికలవారికి అట్టి నియమము నేటికిని లేదు.

తిట్టుటకంటె లోతైన ఆయుధ మొకటి కలదు. అది మౌనము. మౌనము అర్ధాంగీకార మందురు. పత్రికలో మౌనము సంపూర్ణ నిరాకరణము. టెక్సాసునుండి వచ్చిన రాన్ పాల్ అను వైద్యుడు 2012 ఎన్నికకు రిపబ్లికను పక్షపు అభ్యర్థిత్వమును కోరెను. 2011 ఆగస్టు 13వ తేదీన అయోవా రాష్ట్రమున ఏమ్స్ పట్టణములో జరిగిన నమూనా ఓటింగులో మిషెల్ బాక్మనుకు 4,823 ఓట్లు, రాన్ పాలునకు 4,671 ఓట్లు వచ్చెను. భేదము 152. మరునాటి ఆదివారము బాక్మను అయిదు దూరదర్శన గోష్ఠులలోను దర్శన మిచ్చెను. రెండవస్థానమున నిలిచినవాని పేరు పెక్కు వ్యాఖ్యలలో వినబడనేలేదు. ఆతనికంటె దిగువనున్నవారిని గూర్చియు, ఆ పోటీలోనే నిలువనివారిని గూర్చియు చర్చలు సాగెను. తుదకు ఈ వింతను బయటపెట్టినది వార్తాపత్రిక కాదు. జాన్ స్టూవర్టు అను హాస్యగాడు. ఆ నవంబరులో దక్షిణ కారొలీనాలో జరిగిన అభ్యర్థుల చర్చలో, ప్రసారమైన మొదటి గంటలో రాన్ పాలునకు దక్కినది 89 సెకండ్లని ఆతని పక్షమువారు మొరపెట్టుకొనిరి.

ఇందలి వింత గమనింపుడు. 1896లో బ్రయను వెలివేయబడినది బంగారమును కాదన్నందుకు. రాన్ పాల్ పెద్దలకు వింతపశువుగ తోచుటకు గల కారణములలో ఒకటి మరల బంగారము కావలయుననుట! నూటపదునైదేండ్లలో పెద్దల మతము తారుమారయ్యెను. ఆ మతము నంగీకరింపనివానిని గెంటివేయు ఆచారము మాత్రము చెక్కుచెదరలేదు. అనగా ఆ గెంటివేతకు బంగారము హేతువు కాదు, వెండియు హేతువు కాదు. పెద్దల కూటమిలో చేరనివాడు తమ వాకిట నిలిచి మాటలాడుటయే యపరాధము. రాన్ పాల్ పేరిట పూర్వము వెలువడిన లేఖాపత్రికలలో నల్లజాతివారిని నిందించు వ్రాతలు కలవనియు, వానికి ఆతడు సమాధానము చెప్పవలయుననియు పత్రికలు నిలదీసెను. ఆ నిలదీయుట న్యాయము. అభ్యర్థిని పరీక్షించుట పత్రికకు ధర్మము; ఆతడు లేనట్లు నటించుట ధర్మము కాదు.

మూడవ రీతి మరియొకటి కలదు. 2015లో డొనాల్డు ట్రంపు రంగమున దిగినపుడు ‘హఫింగ్టన్ పోస్ట్’ ఆతని వార్తలను రాజకీయములలో వేయక వినోద విభాగమున వేయుదునని జూలైలో ప్రకటించి, డిసెంబరులో ఆ ప్రతిజ్ఞను విడిచెను. ఇంతలో దూరదర్శన సంస్థలు ఆతని సభలను మొదటినుండి తుదివరకు ప్రసారము చేయుచుండెను. 2016 మార్చి నాటికి ఆతనికి ఉచితముగ దొరికిన ప్రచారపు విలువ 190 కోట్ల డాలర్లని ఒక గణన. ప్రకటనలకై ఆతడు వెచ్చించినది ఒక కోటి డాలర్లు. ఇది దేశమునకు మంచిదో కాదో గాని తన సంస్థకు మాత్రము మిక్కిలి లాభకరమని ఒక పెద్ద ప్రసారసంస్థ యధిపతి బాహాటముగ ననెను. ఎన్నిక సమీపించిన పిదప దేశపు నూరు పెద్ద పత్రికలలో 57 హిల్లరీ క్లింటను నెన్నుకొనుడని వ్రాసెను. ట్రంపు పక్షమున వ్రాసినవి రెండే. ఆతడు 2016లో గెలిచెను; 2020లో ఓడి, 2024లో మరల గెలిచెను. నవ్వి, మోసి, తుదకు తిట్టిన పత్రికల మాట ఓటరు చెవి కెక్కలేదు. బయటివారిని పలుమారు అన్యాయముగ చూచుటవలన పత్రిక నష్టపోవునది తన విశ్వాసపాత్రతను. నిజముగ ప్రమాదము వచ్చినదని కేకవేయవలసిననాడు ఆ కేకను నమ్మువారుండరు. ‘నాన్నా పులి’ కథలోని బాలునికి పట్టిన గతియే యిది.

పత్రికలో చోటు పరిమితము, పదవి కోరు ప్రతివానికి సమానముగ పుటలు పంచియిచ్చుట యెట్లని తోడి సంపాదకులు కొందరు అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్న. కొలబద్ద పట్టి అంగుళములు పంచుమని మేము కోరము. మా మనవి స్వల్పము. ఓట్లు వచ్చినచో వచ్చినన్ని ఓట్లు ప్రకటింపుడు. వాక్యమును పూర్తిగ ప్రకటింపుడు. ఆతని వాదమును ఆతడే ఒప్పుకొనునట్టి మాటలలో చెప్పి, పిదప మీ యిష్టము వచ్చినంత ఘాటుగ ఖండింపుడు. ఆతని గతమును త్రవ్వుడు. అదే గునపముతో మీకు నచ్చినవాని గతమును గూడ త్రవ్వుడు. గెలుచునా గెలువడా యను జోస్యము పత్రిక పని కాదు. గెలువడని మనమే చెప్పి, గెలువనివానికి చోటేల యని మరల మనమే యనుట, చేను ఎండగట్టి విత్తనము మంచిది కాదన్నట్లున్నది.

బ్రయను కథలో మనకు సంబంధించిన ఘట్టమింకొకటి మిగిలియున్నది. పత్రికలు తన మాటను వినిపింపనందున ఆతడు 1901లో ‘కామనరు’ అను వారపత్రికను తానే నెలకొల్పెను. పిమ్మట లోకసంచారము చేయుచు హిందూదేశమును గూడ చూచెను. 1906లో బ్రిటిషు పాలననుగూర్చి ఆతడు ప్రకటించిన వ్యాసము, ఈ ప్రభుత్వము రష్యా ప్రభుత్వమంత నిరంకుశమైన దనియు, రెండు విషయములలో దానికంటెను హీనమైన దనియు చెప్పెను: ఇది పరజాతివారి చేతిలో నున్నది, ప్రజల పన్నులలో పెద్దపాలు దేశము దాటిపోవుచున్నది. ఆ వ్యాసమును మన స్వాతంత్ర్యవాదులు దేశాంతరములలో పునర్ముద్రించి పంచిరి. నాడు ఇచ్చటి ఆంగ్లేయ పత్రికలకు మన నాయకులందరును బయటివారే. వారి వాక్యములును సగములుగనే అచ్చుపడుచుండెను. పూర్తివాక్యము వ్రాసినందులకు 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రిక సంపాదకులు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కారాగారమున కేగిరి. సగము వాక్యపు బాధ తెలిసిన దేశములో పుట్టిన పత్రికలు, స్వరాజ్యము వచ్చిన పిదప ఆ కత్తెరను తామే చేత పట్టుట తగునా?

మన తెలుగు రాష్ట్రములు రెంటను నేడు పత్రికలకు కొదువలేదు, దూరదర్శన సంస్థలకు కొదువలేదు. ఏ పత్రిక ఏ పక్షపుదో బడిపిల్లవాడును చెప్పగలడు. ఇట్టి స్థితిలో పెద్ద పక్షముల యండలేక, ధనము లేక, ఒక మాట చెప్పదలచి ఎన్నికకు నిలుచువాని మాట యెవరు వినిపింతురు? ఆ మాట తప్పు కావచ్చును. తప్పని విని తెలిసికొను హక్కు ఓటరుది. విననీయకుండ తప్పని తీర్పు చెప్పు హక్కు మాకు లేదు. మరియే పత్రికకును లేదు.

పాఠక మహాశయులకు మా మనవి యొకటి. అభ్యర్థి నెవనినైన పత్రిక పిచ్చివాడనినచో, ఆతడేమి చెప్పెనో యదే పుటలో వెదకుడు. అచ్చట లేకున్న ఆ పత్రికకు ఉత్తరము వ్రాసి యడుగుడు. ఎవని పేరైనను కనబడకున్నచో, ఏల కనబడలేదని యడుగుడు. ఈ ప్రశ్న మా పత్రికనే యడుగవలసి వచ్చినచో మొగమాటపడకుడు. పత్రికను తీర్చిదిద్దువాడు చందా కట్టు పాఠకుడే గదా.